నిఘంటు నిర్మాత ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ

ఆంగ్లం అభ్యసించే విద్యార్థుల చేతిలో తరచుగా కనబడే గ్రంథాలలో ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ ఒకటి. అందులో పదాల అర్థాలు వెదకినవారు అసంఖ్యాకులు. దానికి ఆద్యుడైన వ్యక్తి చరిత్ర ఎరిగినవారు మాత్రం స్వల్పసంఖ్యాకులు. ఆ మహాశయుని జీవితాన్ని, ఆయన జీవితకాలమంతా పరిష్కరింప యత్నించిన సమస్యలలో ఒకదానిని, పాఠకుల ముందుంచడం మా ఉద్దేశం. ఆ సమస్య మనకు క్రొత్తది కాదు. మన తరగతి గదులలో నిత్యం ఎదురయ్యేదే.

తెలుగు మాతృభాషగా గల విద్యార్థి ‘ఈ పాఠం నాకు వివరించండి’ అంటాడు. ఉర్దూ మాట్లాడే విద్యార్థి ‘ముఝే యే సబక్ సమఝాయియే’ అంటాడు. రెండూ నిర్దుష్టమైన వాక్యాలే. అదే భావాన్ని ఆంగ్లంలో చెప్పవలసి వచ్చినప్పుడు ఇరువురూ ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్ లెసన్’ అని వ్రాస్తారు. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో గీత గీస్తాడు. ‘టెల్ మీ’ ఒప్పు, ‘షో మీ’ ఒప్పు, ‘గివ్ మీ’ ఒప్పు. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ మాత్రం ఎందుకు తప్పు? విద్యార్థి వేసే ఈ ప్రశ్నలో తర్కం ఉన్నది. దానికి సమాధానం సామాన్య వ్యాకరణ గ్రంథాలలో గాని, ఆంగ్లేయుల కొరకు వ్రాసిన నిఘంటువులలో గాని సులభంగా లభించేది కాదు.

ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ 1898 ఆగస్టు 10వ తేదీన ఇంగ్లండు దేశంలోని చెస్టర్ నగరంలో జన్మించారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆంగ్లం అభ్యసించారు. 1924లో జపాను దేశానికి వెళ్ళి, క్యూషూ ద్వీపంలోని ఓయితా నగరంలో ఒక ఉన్నత వాణిజ్య పాఠశాలలో అధ్యాపకులుగా చేరారు. ఆయన వెళ్ళినది సాహిత్యం బోధించడానికి. అయితే ఆ విద్యార్థులకు కావ్యాల కంటె ముందుగా కావలసినది భాష అని ఆయన త్వరలోనే గ్రహించారు. ఆ గ్రహింపు ఆయన జీవితమార్గాన్నే మార్చివేసింది.

ఆ కాలంలో టోక్యోలో హెరాల్డ్ పామర్ అనే ఆంగ్ల పండితుడు ఆంగ్లబోధనా పరిశోధన సంస్థను నడుపుతున్నారు. హార్న్‌బీ ఆయన పరిశోధనలో పాలుపంచుకొని, 1930వ దశకంలో టోక్యో చేరుకొన్నారు. ఏ పదం ఏ పదంతో కలిసి వస్తుంది, ఏ క్రియ తన వెనుక ఎటువంటి వాక్యభాగాన్ని కోరుతుంది అనేవి వారిరువురి పరిశోధనాంశాలు. 1936లో పామర్ స్వదేశానికి వెళ్ళిపోగా, ఆ పరిశోధన భారం హార్న్‌బీపై పడింది.

ఇక్కడ సమస్యను కొంచెం వివరంగా పరిశీలిద్దాం. ‘ఇచ్చు’ అనే క్రియకు రెండు అపేక్షలు ఉంటాయి: ఏమి ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు. గ్రహీతను సూచించడానికి తెలుగులో ‘కి, కు’ ప్రత్యయాలు, ఉర్దూలో ‘కో’, జపాను భాషలో ‘ని’ ఉన్నాయి. అందుచేత ‘బాలునికి పుస్తకం ఇచ్చాను’ అన్నా, ‘పుస్తకం బాలునికి ఇచ్చాను’ అన్నా అర్థభేదం లేదు. ఆంగ్లంలో ఆ గుర్తు రెండు విధాలుగా వస్తుంది. ‘గివ్ ఎ బుక్ టు ద బాయ్’ అన్నప్పుడు ‘టు’ అనే పదం ఆ పని చేస్తుంది. ‘గివ్ ద బాయ్ ఎ బుక్’ అన్నప్పుడు స్థానమే ఆ పని చేస్తుంది. మొదట గ్రహీత, తరువాత వస్తువు. ఈ రెండవ వాక్యంలో పదాలను తారుమారు చేస్తే బాలుణ్ణి పుస్తకానికి ఇచ్చినట్లవుతుంది!

చిక్కు ఇంతటితో తీరదు. గివ్, సెండ్, లెండ్, షో వంటి క్రియలు రెండు కర్మలనూ వరుసగా గ్రహిస్తాయి. విడదీస్తే ‘టు’ వస్తుంది. బై, మేక్, కుక్ వంటివి కూడ రెండు కర్మలను గ్రహిస్తాయి. విడదీస్తే ‘ఫర్’ వస్తుంది. కాస్ట్ వంటివి రెండు కర్మలను గ్రహిస్తాయి గాని విడదీయడానికి అంగీకరించవు. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్ వంటివి గ్రహీతను ‘టు’ లేకుండా దరికి రానీయవు. పూర్వం నుండి ఆంగ్లంలో ఉన్న చిన్న క్రియలు రెండు కర్మలను స్వీకరిస్తాయనీ, లాటిన్, ఫ్రెంచి భాషల నుండి వచ్చిన పెద్ద క్రియలు స్వీకరించవనీ స్థూలంగా చెప్పవచ్చును. కాని ప్రామిస్, గ్రాంట్ వంటివి వెలుపలి నుండి వచ్చినవే అయినా రెండు కర్మలనూ నిరభ్యంతరంగా గ్రహిస్తాయి. కనుక సూత్రం కొంతదూరం మాత్రమే తోడు వస్తుంది. ఆ పైన ప్రతి క్రియకూ దాని స్వభావాన్ని విడిగా తెలిసికొనవలసిందే.

హార్న్‌బీ ప్రతిభ ఇక్కడే వ్యక్తమవుతుంది. విద్యార్థి చేసే ఈ తప్పు అజ్ఞానం వలన గాక, ఒక క్రియను చూచి మరొక క్రియను ఊహించడం వలన కలుగుతున్నదని ఆయన గుర్తించారు. ఊహించడం తెలివికి లక్షణమే గాని, భాష ఆ ఊహను ప్రతిచోటా అంగీకరించదు. అట్లయితే విద్యార్థిని నిందించి ప్రయోజనం లేదు; అతనికి కావలసిన సమాచారం అతని చేతికి అందాలి. ఆంగ్ల క్రియల వాడుకను ఆయన 25 నమూనాలుగా విభజించి, నిఘంటువులో క్రియ పక్కన దాని నమూనా సంఖ్యను సూచించే పద్ధతిని నెలకొల్పారు. గేటన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే ఇరువురు సహచరులు ఈ మహాకార్యంలో ఆయనకు తోడ్పడ్డారు.

ఇంతలో యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరులో జపాను, బ్రిటన్ శత్రుదేశాలయ్యాయి. హార్న్‌బీ నిర్బంధానికి గురై, 1942లో స్వదేశానికి పంపబడ్డారు. అదే సంవత్సరంలో ఇడియొమాటిక్ అండ్ సింటాక్టిక్ ఇంగ్లిష్ డిక్షనరీ అనే పేరుతో ఆయన నిఘంటువును టోక్యోలోని కైతాకుషా సంస్థ ప్రచురించింది. రెండు దేశాలు పరస్పరం సంహరించుకొంటున్న వేళ, ఒక దేశపు భాషను గూర్చిన గ్రంథం మరొక దేశపు ముద్రణాలయంలో వెలువడటం విద్యకు గల శక్తికి నిదర్శనమని మేము భావిస్తున్నాము.

తరువాత ఆయన బ్రిటిష్ కౌన్సిల్‌లో చేరి, యుద్ధకాలంలో ఇరాన్ దేశంలో పనిచేశారు. 1946లో ఇంగ్లిష్ లాంగ్వేజ్ టీచింగ్ అనే పత్రికను స్థాపించి తొలి సంపాదకులయ్యారు. 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం ఆయన నిఘంటువును ఇంగ్లండులో పునర్ముద్రించింది. 1954లో క్రియల నమూనాలను విపులీకరిస్తూ ఆయన ఒక ప్రత్యేక గ్రంథం వెలువరించారు. నిఘంటువు రెండవ కూర్పు 1963లోను, మూడవది 1974లోను వచ్చాయి. ఆ మూడవ కూర్పులో గివ్ వంటి రెండు కర్మల క్రియలకు 12వ సంఖ్య, ‘టు’, ‘ఫర్’లతో విడదీసే రూపానికి 13వ సంఖ్య కేటాయించబడ్డాయి.

ఈ సంఖ్యల పద్ధతిలో లోపం లేకపోలేదు. సంఖ్యలను గుర్తుంచుకొనడం కష్టం. వాటి వంక చూడకుండా అర్థం మాత్రం చదివి పుస్తకం మూసివేసిన విద్యార్థులు ఎందరో. 1978 సెప్టెంబరులో హార్న్‌బీ పరమపదించిన తరువాత, 1989 నాటి నాల్గవ కూర్పులో సంఖ్యల స్థానంలో అక్షరాలు వచ్చాయి. నేటి కూర్పులలో ఎవరికి, ఏమి అనే వరుసను మామూలు మాటలతోనే చూపుతున్నారు. రూపం మారింది, క్రియ స్వభావాన్ని క్రియ పక్కనే చెప్పాలన్న ఆయన సంకల్పం మాత్రం నిలిచింది.

ఆ నిఘంటువు ప్రపంచమంతటా కోట్లాది ప్రతులు అమ్ముడుపోయింది. హార్న్‌బీ ఆ ఆదాయాన్నంతా తన సుఖానికి వినియోగించుకొనలేదు. 1961లో తన పేర ఒక విద్యా ధర్మనిధిని నెలకొల్పి, తన గ్రంథాలపై వచ్చే రాబడిలో పెద్ద భాగాన్ని దానికి అర్పించారు. వివిధ దేశాల ఆంగ్లోపాధ్యాయులు బ్రిటన్‌లో ఉన్నత శిక్షణ పొందడానికి ఆ నిధి నేటికీ తోడ్పడుతున్నది.

‘ఇచ్చు’ అనే క్రియకు రెండు కర్మలు ఉండాలని ఆయన జీవితమంతా బోధించారు. ఆయన ఇచ్చినదానికి ఆ రెండూ స్పష్టంగా ఉన్నాయి: ఏమి ఇచ్చారో మన బల్లలపై ఉన్నది, ఎవరికి ఇచ్చారంటే, పరభాష ముందు తడబడే ప్రతి విద్యార్థికి. మన విద్యార్థులు ఇకమీదట నిఘంటువు తెరచినప్పుడు అర్థంతో ఆగిపోక, మరి రెండు పంక్తులు క్రిందికి చూచి ఆ క్రియ నడకను కూడ గమనిస్తారని మేము ఆశిస్తున్నాము. ఆ మహాశయునికి మనం చెల్లించగల గురుదక్షిణ అదే.