బాలనేరస్థుల గురువు మకరెంకో

దొంగయని ముద్రపడిన బాలుణ్ణి సత్ప్రవర్తకునిగా తీర్చిదిద్దుట సాధ్యమా? ఈ ప్రశ్నకు తన జీవితమంతా వెచ్చించి సమాధానం చెప్పిన ఉపాధ్యాయుడు అంటోన్ మకరెంకో. ఆ మహనీయుని చరిత్రను సోదర సోదరీ విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలిచాము.

మకరెంకో 1888లో ఉక్రెయిన్‌లోని బెలపోల్యెలో జన్మించారు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో రంగులు వేసే కార్మికుడు. 1905లో, పదిహేడేళ్ళ ప్రాయంలోనే, మకరెంకో రైల్వే కార్మికుల పిల్లలకు ఉపాధ్యాయుడయ్యారు. అనంతరం పోల్తావాలోని ఉపాధ్యాయ శిక్షణాలయంలో చేరి 1917లో స్వర్ణపతకంతో ఉత్తీర్ణులయ్యారు.

ప్రపంచయుద్ధం, విప్లవం, అంతర్యుద్ధం ఒకదాని వెంట ఒకటి రాగా ఆ దేశంలో లక్షలాది బాలలు దిక్కులేనివారై వీధులపాలయ్యారు. పొట్టకూటికై దొంగతనాలకు అలవాటుపడ్డారు. 1920లో అట్టి బాలనేరస్థుల కొరకు పోల్తావా సమీపాన ఒక కాలనీని నడిపే బాధ్యత మకరెంకోకు లభించింది. పాడుపడిన కట్టడాలు, చలి, ఆకలి తప్ప అక్కడ మరేమీ లేవు. మొదట వచ్చిన యువకులు ఆయన మాటను పెడచెవిని పెట్టారు. ఒకనాడు వంటచెరకు కొట్టుటకు నిరాకరించి, పరిహాసంగా బదులిచ్చిన యువకుణ్ణి ఆయన సహనం కోల్పోయి కొట్టారు. ఆనాడు పని జరిగింది. కాని ఆ దెబ్బను ఆయన విజయంగా భావించలేదు. ఆ సంఘటనను తన గ్రంథంలో నిస్సంకోచంగా వ్రాసుకొన్నారు.

ఆయన కనుగొన్న మార్గం వేరు. కాలనీకి వచ్చిన బాలుని పూర్వ నేరాలను గూర్చి ఎవరూ ప్రశ్నించరాదని నియమం ఏర్పరచారు. బాలురను చిన్న దళాలుగా విభజించి, వారిలో నుండే నాయకులను నియమించారు. పొలం, పశువులు, వంటశాల, కార్ఖానా — అన్నింటి బాధ్యత వారిదే. నాయకుల మండలి తీర్మానాన్ని ఆయన కూడ మన్నించేవారు.

చెరసాల నుండి వచ్చిన ఒక యువకునికి గుర్రమిచ్చి, పట్టణం నుండి కాలనీకి రావలసిన ఐదువందల రూబుళ్ళు తెమ్మని పంపారు. యువకుడు తెచ్చి ఇవ్వగా ఆయన లెక్కపెట్టకనే సొరుగులో ఉంచారు. మరల రెండువేలకు పంపారు. ఈ నమ్మకం ఆ యువకుణ్ణి కలచివేసింది. ఎవరైనా ఆ ధనంపై దాడి చేస్తే ప్రాణమిచ్చియైనా కాపాడాలని దారిపొడుగునా తలపోశాడట. కరబానొవ్ అనే పేరుతో గ్రంథస్థుడైన ఆ యువకుని అసలు పేరు సెమ్యోన్ కలబాలిన్. పిమ్మట ఆయనే అనాథ బాలల గృహాలను నడిపి గురువు బాటలో సాగారు.

1926లో ఈ కాలనీ ఖార్కొవ్ సమీపాన గల కుర్యాజ్‌కు తరలింది. అచట క్రమశిక్షణ నశించిన బాలలను మార్చింది అధికారులు కాదు, ఒకప్పుడు దొంగలైన ఈ బాలురే. 1928లో సుప్రసిద్ధ రచయిత మాక్సిమ్ గోర్కీ స్వయంగా దర్శించారు. అయితే విద్యాధికారులు ఈ పద్ధతిని అంగీకరింపకపోవుటచే అదే సంవత్సరం మకరెంకో కాలనీని విడువవలసి వచ్చింది. తరువాత ఖార్కొవ్‌లోని జెర్జిన్‌స్కీ కమ్యూన్‌లో 1935 వరకు పనిచేశారు. అక్కడి యువజనులు చదువుతోపాటు పనిచేస్తూ విద్యుత్ డ్రిల్లులు, ‘ఫెడ్’ కెమెరాలు తయారుచేశారు. 1939లో, 51వ యేట, రైలుప్రయాణంలో గుండె ఆగి ఆయన మరణించారు.

సైనిక కవాతులు, బాకాలు, దళం ఎదుట వ్యక్తిని లొంగదీయుట వంటి లక్షణాలను విమర్శించినవారు ఉన్నారు. ఆ విమర్శ త్రోసిపుచ్చదగినది కాదు. ఆయన పద్ధతినంతా మనం అనుకరించనక్కరలేదు. కాని విద్యార్థిని ఎక్కువగా గౌరవించిననాడే అతని నుండి ఎక్కువగా ఆశించే హక్కు గురువుకు కలుగుతుందన్న ఆయన సూత్రం ఏ కళాశాలకైనా వర్తిస్తుంది.

తరగతికి రాని విద్యార్థి, తగవులమారియని పేరుపడిన విద్యార్థి ప్రతి విద్యాలయంలోను ఉంటాడు. అతని పేరును రిజిస్టరు నుండి కొట్టివేయుట ఒక్క నిమిషం పని. అంతకుముందు ఒక్కసారి క్రీడా సామగ్రి గది తాళమో, వార్షికోత్సవ చందాల లెక్కయో అతని చేతిలో ఉంచి చూడవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుచున్నాము. అట్టి నమ్మకాన్ని పొందిన సోదరుడు దానిని నిలబెట్టుకొంటాడని ఆశించుచున్నాము.