సరిహద్దు కొలవబోయి బంగారం లెక్క వ్రాసిన వారెన్ దొర

ప్రత్యేక సంచికకు ఎవరైనా పెద్దవారి జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. సర్వే శాఖలో గొలుసు లాగి, టిప్పన్లు గీసి, ఇప్పుడు ఆలేరులో పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి కనుక సర్వే మనిషి గురించే వ్రాస్తున్నాను. ఆయన పేరు జాన్ వారెన్.

వారెన్ 1769లో ఇటలీలోని లివోర్నో రేవు పట్టణంలో పుట్టాడు. పూర్వీకులది ఐర్లాండు, కుటుంబం ఫ్రెంచివాళ్ళతో కలిసిపోయింది. ఫ్రాన్సులో విప్లవం వచ్చి రాజు పక్షంవారికి నిలువ నీడ లేకుండా పోయినప్పుడు ఈయన ఇంగ్లీషువారి 33వ పటాలంలో చేరి మన దేశానికి వచ్చాడు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు. ఆ తరువాత దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన లాంబ్టన్ దొరకు సహాయకుడయ్యాడు. టిప్పు పతనమయ్యాక మైసూరు తూర్పు సరిహద్దు తేల్చే పని పడింది. అలా 1802లో వారెన్ కోలారు ప్రాంతానికి వెళ్ళాడు.

కోలారు మనకు పరాయి చోటు కాదు. ఆ జిల్లా పల్లెల్లో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. అక్కడి బంగారపు రాతి పట్టీ దక్షిణంగా సాగి చిత్తూరు జిల్లాలోకి కూడా వస్తుంది. ఊరిగాం, మారికుప్పం పల్లెల్లో మట్టిలో బంగారం ఉందన్న మాట వారెన్ చెవిన పడింది. సరిహద్దు రాళ్ళు నాటించి తిరిగి రావడమే ఆయన డ్యూటీ. మనలో చాలామంది అయితే అంతటితో సరిపెట్టుకునేవాళ్ళం. ఆయన మాత్రం బంగారం చూపించినవారికి బహుమానం ఇస్తానని చాటించాడు. ఊరివాళ్ళు బండ్లలో మట్టి తోలుకొని వచ్చి ఆయన కళ్ళ ముందే కడిగి చూపించారు.

ఈ పనినే మన పాత తెలుగులో జలగడగడం అంటారు. మన బజారులో అవుసలి దుకాణాల ముందు దుమ్ము ఊడ్చుకుపోయి కడిగేవాళ్ళను పెద్దవాళ్ళు చూసే ఉంటారు, అదీ ఇదే. నీళ్ళకంటే ఇసుక రెండున్నర రెట్లు బరువు, బంగారం పంతొమ్మిది రెట్లు బరువు. పళ్ళెంలో నీళ్ళు పోసి తిప్పుతుంటే మట్టి, ఇసుక పొర్లిపోయి బంగారం అడుగున నిలుస్తుంది. ఏళ్ళలో, వాగుల్లో సరదాకు బంగారం వెతికే విదేశీయులు ఇప్పుడు యంత్రాలతో ఇసుక పీల్చినా, దాని వెనుక ఉన్న కిటుకు ఇంతే. మారికుప్పంలో అయితే గుంటల్లోకి దిగి రాళ్ళు తీసి, దంచి, ఆ పొడిని కూడా కడిగేవారు.

వారెన్ తూకం వేయించాడు. 120 పౌన్ల మట్టికి, అంటే సుమారు 54 కిలోలకు, ఒక గ్రెయిను బంగారం వస్తుందని తేల్చాడు. పాత లెక్కన తులానికి 180 గ్రెయిన్లు. ఒక్క తులానికి దాదాపు పది టన్నుల మట్టి కడగాలన్నమాట! ఇంట్లో ఆడవాళ్ళకు ఈ లెక్క చెబితే నమ్మరు. అంత కష్టానికి ఆ పల్లెవాళ్ళకు కూలి గిట్టిందో లేదో గానీ, బంగారం జాడ తెలిసింది మాత్రం వాళ్ళకే. దొర చేసింది వాళ్ళను అడగడం, చూడడం, కాగితం మీద పెట్టడం. నా దృష్టిలో అది చిన్న పని కాదు. కానీ బంగారాన్ని ఆయన కనిపెట్టాడనడం మాత్రం సరికాదు.

ఆ తరువాత వారెన్ జీవితం బంగారం వైపు పోలేదు. 1805 నుంచి కొన్నేళ్ళు మద్రాసు నక్షత్రశాల బాధ్యత చూశాడు. 1807లో వచ్చిన పెద్ద తోకచుక్కను గమనించాడు, మద్రాసు రేఖాంశాన్ని మళ్ళీ గణించాడు. ఫ్రాన్సులో రాజరికం తిరిగి వచ్చాక అక్కడికి వెళ్ళి, మళ్ళీ మన దేశానికే వచ్చి పుదుచ్చేరిలో స్థిరపడ్డాడు. దక్షిణాదివారు కాలాన్ని ఎలా లెక్కిస్తారో, తిథులు, సంవత్సరాలు, పంచాంగాలు ఎలా కడతారో పండితులను అడిగి తెలుసుకొని, కాల సంకలిత అనే పెద్ద గ్రంథం వ్రాశాడు. అది 1825లో మద్రాసులో అచ్చయింది. మట్టి కడిగేవాళ్ళను అడిగినట్టే పంచాంగం కట్టేవాళ్ళనూ అడిగాడు. 1830లో పుదుచ్చేరిలోనే కన్నుమూశాడు.

అప్పటికి కోలారులో పెద్ద గని లేదు. న్యూజిలాండు యుద్ధాల నుంచి వచ్చి బెంగుళూరులో విశ్రాంతిగా ఉన్న లావెల్ అనే ఐరిష్ సైనికుడికి కాలక్షేపపు చదువులో వారెన్ పాత నివేదిక కంటబడింది. ఆయనా మనలాగే రిటైరైన మనిషి. 1871లో ఎడ్లబండి కట్టుకొని అరవై మైళ్ళు ప్రయాణం చేసి కోలారు చేరాడు, 1873లో మైసూరు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాడు, 1875లో అనుమతి పొందాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగాక గనులు నిలదొక్కుకున్నాయి. 2001లో మూతపడేలోగా అక్కడి నేల 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చింది. లావెల్ పేరు మీద బెంగుళూరులో ఒక రోడ్డు ఉంది. బండ్లలో మట్టి తోలుకొచ్చిన ఊరిగాంవాళ్ళ పేర్లు మాత్రం ఏ రికార్డులోనూ నాకు కనబడలేదు.