పట్టు తప్పినా... పక్కకు తప్పుకోలేదు!

పరీక్షల సీజన్‌లో ఐనవిల్లి సిద్ధి వినాయకుడి గుడికి వెళ్తే పెన్నులు, హాల్‌టికెట్లు పట్టుకున్న స్టూడెంట్స్ కనిపిస్తారు. ఇంటర్వ్యూ కాల్‌లెటర్ స్వామి దగ్గర పెట్టి మొక్కుకునేవాళ్లూ ఉంటారు. ఏ విఘ్నమూ లేకుండా ఉద్యోగం రావాలి, అంతే కదా మన కోరిక! మరి ఉద్యోగం వచ్చాక, అందరూ చూస్తుండగా చేసే మొదటి పెద్ద పనిలోనే విఘ్నం వస్తే? కల్పనా చావ్లాకి సరిగ్గా అదే జరిగింది. అది కూడా భూమికి వందల కిలోమీటర్ల పైన!

కర్నాల్ నుంచి కొలరాడో దాకా

కల్పనది హరియాణాలోని కర్నాల్. మన కోనసీమ టౌన్ల లాంటి ఊరే. నాన్న వ్యాపారి. ఊళ్లో ఫ్లయింగ్ క్లబ్ ఉండటంతో చిన్నప్పటి నుంచే విమానాల మీద ఇష్టం పెరిగింది. చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీలో ఏరోనాటికల్ తీసుకుంది. ఆ బ్రాంచ్‌లో అమ్మాయిలు దాదాపు కనిపించని రోజులవి. 1982లో డిగ్రీ పూర్తి చేసి అమెరికా వెళ్లింది. 1984లో టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్ నుంచి మాస్టర్స్, 1988లో కొలరాడో యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ అందుకుంది.

నేరుగా వ్యోమగామి అయిపోలేదు. ముందు నాసా ఏమ్స్ సెంటర్‌లో విమానాల చుట్టూ గాలి ఎలా ప్రవహిస్తుందో కంప్యూటర్ మీద లెక్కలు కట్టే పని చేసింది. 1993లో ఒక చిన్న రీసెర్చ్ కంపెనీలో చేరింది. మధ్యలో పైలట్ లైసెన్సులు సంపాదించి, విమానం నడపడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్ కూడా అయింది. 1994 డిసెంబర్‌లో నాసా వ్యోమగామిగా ఎంపికైంది. అంటే పీహెచ్‌డీ చేతికొచ్చాక ఇంకో ఆరేళ్లు పట్టిందన్నమాట.

చేతికి చిక్కని శాటిలైట్

1997 నవంబర్ 19న కొలంబియా షటిల్‌లో తొలిసారి పైకి వెళ్లింది. మన దేశంలో పుట్టి అంతరిక్షానికి వెళ్లిన మొదటి మహిళ ఆమే. మిషన్ పేరు ఎస్‌టీఎస్-87, సిబ్బంది ఆరుగురు. షటిల్ రోబోటిక్ చేతిని నడపడం కల్పన డ్యూటీ. సూర్యుణ్ని పరిశీలించే స్పార్టన్ అనే శాటిలైట్‌ని ఆ చేత్తో బయటికి వదలాలి, పని అయ్యాక మళ్లీ పట్టి లోపల పెట్టాలి. దాని బరువు సుమారు 1,360 కిలోలు.

నవంబర్ 21న వదిలింది. వదలగానే తిరగాల్సిన శాటిలైట్ కదల్లేదు. సరే, వెనక్కి తీసుకుందామని రోబోటిక్ చేతిని దగ్గరికి పోనిచ్చింది. పట్టు సరిగా దొరకలేదు. చేతిని వెనక్కి లాగేటప్పుడు స్పార్టన్ మెల్లగా గిరగిరా తిరగడం మొదలెట్టింది. షటిల్‌ని కూడా దానికి తగ్గట్టు తిప్పాలని కమాండర్ ప్రయత్నించాడు గానీ అదీ కుదరక ఆపేశారు. భూమ్మీద వార్తలు గుప్పుమన్నాయి. కంట్రోల్స్ దగ్గర ఉన్నది కల్పన కాబట్టి వేళ్లన్నీ ఆమె వైపే చూపించాయి.

స్టేషన్ కట్టడానికి రిహార్సల్

మూడు రోజుల తర్వాత విన్‌స్టన్ స్కాట్, జపాన్‌కి చెందిన తకావో దోయ్ బయటికి వెళ్లి ఆ శాటిలైట్‌ని ఏకంగా చేతులతోనే పట్టుకున్నారు. ఆ స్పేస్‌వాక్ 7 గంటల 43 నిమిషాలు సాగింది. నిజానికి వాళ్లు బయటికి వెళ్లాల్సిన అసలు పని వేరు. త్వరలో కట్టబోయే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కోసం ఒక చిన్న క్రేన్‌ని టెస్ట్ చేయాలి. స్టేషన్ బయట బ్యాటరీల్లాంటి బరువైన భాగాల్ని మోయడానికి తయారుచేసిన క్రేన్ అది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1998 నవంబర్ 20న స్టేషన్ మొదటి భాగం జార్యా కక్ష్యలోకి చేరింది. దోయ్ 2008లో మళ్లీ షటిల్ ఎక్కి, జపాన్ కీబో ల్యాబ్ మొదటి భాగాన్ని స్టేషన్‌కి చేర్చిన టీమ్‌లో ఉన్నాడు.

తప్పెవరిది?

నాసా నెలల తరబడి విచారణ చేసింది. సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌లో లోపాలున్నాయని, సిబ్బందికి, గ్రౌండ్ కంట్రోల్‌కి పెట్టిన పద్ధతుల్లోనూ లోపాలున్నాయని తేల్చింది. తప్పు ఒక్క కల్పనది కాదని స్పష్టమైంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రిపోర్ట్ వచ్చేదాకా ఆమె చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1998 జనవరిలోనే షటిల్, స్టేషన్ సిబ్బంది వాడే పరికరాల విషయంలో వ్యోమగాముల తరఫు ప్రతినిధిగా బాధ్యత తీసుకుంది. పరికరం మనిషికి అనువుగా ఉందా లేదా చూసే పని. పరికరం మొండికేస్తే ఎలా ఉంటుందో స్వయంగా చూసిన మనిషికి దక్కిన పని. తర్వాత ఆ విభాగానికే లీడ్ అయింది.

రెండో ఛాన్స్

2000లో ఎస్‌టీఎస్-107కి ఎంపికైంది. ఇది స్టేషన్‌కి వెళ్లే ట్రిప్ కాదు, పూర్తిగా ప్రయోగాల మిషన్. వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2003 జనవరి 16న బయల్దేరింది. ఏడుగురు రెండు షిఫ్టుల్లో దాదాపు 80 ప్రయోగాలు చేశారు. ఫిబ్రవరి 1న, ఇంకో 16 నిమిషాల్లో దిగాల్సిన కొలంబియా టెక్సస్ ఆకాశంలో ముక్కలైపోయింది. ఏడుగురిలో ఒక్కరూ మిగల్లేదు.

లాంచ్ అయిన 82 సెకన్లకు ట్యాంక్ నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగలడమే కారణం. రెక్కను ఫొటోలు తీయించండని కొందరు ఇంజినీర్లు అడిగినా పైవాళ్లు పట్టించుకోలేదు. షటిల్స్ రెండున్నరేళ్లు ఆగిపోయాయి. స్టేషన్ కట్టే పని షటిల్స్‌తో మళ్లీ ఊపందుకున్నది 2006లోనే.

2002 సెప్టెంబర్‌లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కి, ఆ ప్రమాదం తర్వాత కల్పన-1 అని పేరు పెట్టారు.

హెచ్‌ఆర్ రౌండ్‌లో మీ ఫెయిల్యూర్ ఒకటి చెప్పండి అని అడిగితే మనలో చాలామంది తడబడతాం. దాచేస్తాం, లేదా ఎవరి మీదో తోసేస్తాం. కల్పన కథ గుర్తు చేసుకోండి. ఏం జరిగింది, మీ పాత్ర ఎంత, సిస్టమ్ లోపం ఎంత, ఆ తర్వాత మీరేం చేశారు... ఈ నాలుగూ సూటిగా చెప్పండి చాలు. రేపు ఉద్యోగంలో చేరాక ఎక్కడైనా చిన్న నురుగు ముక్క లాంటి తేడా కనిపిస్తే, మనకెందుకులే అని వదిలేయకండి. ఒకటికి రెండుసార్లు అడగండి. మీరు పైస్థాయికి వెళ్లాక, మీ కిందవాళ్లు అడిగితే వినండి.