నగర్ కాకముందు ఏ.ఎస్. రావు

మా ఆదిభట్ల నుంచి చూస్తే ఈసీఐఎల్ సిటీకి ఇంకో చివర. అటు వెళ్లే బస్సు బోర్డు మీద ఏ.ఎస్. రావు నగర్ అని చదివి, ఎవరో లీడర్ పేరై ఉంటుందని మనలో చాలామంది వదిలేస్తారు. లీడర్ కాదు, ఎలక్ట్రానిక్స్ మనిషి. అయ్యగారి సాంబశివరావు గారు.

1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్ హిందూ యూనివర్సిటీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మాస్టర్స్. ఇప్పుడు మన సీనియర్లు వెళ్లేది కూడా దానికే కదా! ఆయన మాత్రం తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా దగ్గర చేరారు.

అక్కడ కాస్మిక్ కిరణాల మీద పరిశోధన. కిరణాలను లెక్కపెట్టడానికి కౌంటర్లు, యాంప్లిఫయర్లు కావాలి. బయటి దేశం నుంచి తెప్పిస్తే విదేశీ మారకం ఖర్చు, పాడైతే మళ్లీ అక్కడి స్పేర్ పార్టులే దిక్కు. అందుకే సొంతంగా తయారుచేయడం మొదలైంది. అప్పటి సర్క్యూట్ అంటే వాక్యూమ్ ట్యూబులు, వాటి మధ్య చేత్తో అతికించిన తీగలు.

ఆ పని ఎంత నాజూకో తెలియాలంటే పాత టీవీ గేమ్ జాయ్‌స్టిక్ విప్పితే చాలు. ఈ సెమిస్టర్ హాస్టల్లో నేను ఒకటి విప్పాను. కేబుల్లో ఐదు తీగలు: 5 వోల్టులు, గ్రౌండ్, లాచ్, క్లాక్, డేటా. ఎనిమిది బటన్ల సంగతీ ఒక్క డేటా తీగ మీదే వరుసగా పోతుంది. మనం ల్యాబ్‌లో రాసుకునే షిఫ్ట్ రిజిస్టర్ ఇదే. అది ఊడితే మారియో కదలడు.

మీరూ చేయాలంటే, ముందు పవర్ తీసేయండి. తీగ చివర 3 మిల్లీమీటర్లు ఒలిచి, పోగులు మెలిపెట్టి, దానికి ముందే కొంచెం టంకం పూయండి. సోల్డరింగ్ ఐరన్ మొనను తడి స్పాంజి మీద తుడిచి, బోర్డు ప్యాడ్‌నీ తీగనీ కలిపి తాకించండి. రెండు సెకన్లు ఆగి, టంకాన్ని మొనకు కాదు, అతుకు దగ్గర అందించాలి. వేడెక్కిన లోహమే దాన్ని లాక్కుంటుంది. ఐరన్ తీశాక అది గట్టిపడేదాకా తీగ కదలకూడదు. కదిలితే పైకి అతికినట్టే కనిపిస్తుంది, కరెంటు మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. గ్రౌండ్ ప్యాడ్ వెడల్పాటి రాగికి కలిసి ఉంటే వేడిని లాగేస్తుంది, అక్కడ ఇంకో సెకను పడుతుంది. మరీ ఎక్కువసేపు పెడితే ప్యాడే లేచొస్తుంది. మల్టీమీటర్ బీప్ అన్నాకే పవర్.

మనకు పోయేది ఒక గేమ్. రావు గారి వాళ్లు చేస్తున్నది రియాక్టర్ కంట్రోల్. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర మొదలైంది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది కానీ, కంట్రోల్ సిస్టమ్ మనవాళ్లదే, దాని బాధ్యత ఆయనది. లోపల న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో చెప్పే సర్క్యూట్‌లో వదులు అతుకు ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. నాకైతే ఆయన జీవితంలో స్టాన్‌ఫర్డ్ కంటే ఇదే పెద్ద విషయం.

1962 యుద్ధం తర్వాత ఎలక్ట్రానిక్స్‌లో దేశం ఎంత వెనకబడిందో ప్రభుత్వానికి తెలిసొచ్చింది. 1963లో భాభా అధ్యక్షతన కమిటీ వేసింది. విక్రమ్ సారాభాయ్, భగవంతం గార్లతో పాటు రావు గారూ సభ్యులు. 1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా పోయారు. కమిటీ చెప్పిన పని మాత్రం ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టారు. మొదటి మేనేజింగ్ డైరెక్టర్ ఆయనే. రెండేళ్లకే టీడీసీ-12 కంప్యూటర్ బయటికొచ్చింది. పేరులో టీ అంటే ట్రాంబే, 12 అంటే వర్డ్ సైజు బిట్లలో. మా సీఎస్ఈ వాళ్లకు కంప్యూటర్ అంటే బెంగళూరు నుంచే గుర్తొస్తుంది, ఇది అన్యాయం.

1965లో భట్నాగర్ అవార్డు, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 2003లో ఆయన పోయారు, అప్పటికి మా బ్యాచ్ ఇంకా పుట్టలేదు. మనం మొదటిసారి ఓటేసే ఈవీఎంలు తయారుచేసేది రెండే కంపెనీలు. ఒకటి బెంగళూరు బీఈఎల్, రెండోది ఈసీఐఎల్.