ఎవరెస్టు కొన మీద రాత్రంతా ఉన్న మనిషి: బాబు ఛిరి షెర్పా

షెర్పా అంటే కొండెక్కేవాళ్ల సామాను మోసే మనిషి అని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక తెగ పేరు. కొన్ని వందల ఏళ్ల క్రితం టిబెట్ నుంచి కనుమలు దాటి వచ్చి నేపాల్ కొండల్లో స్థిరపడినవాళ్లు వీళ్లు. ఆ మాటకు తూర్పు దిక్కు మనుషులు అని అర్థం. బంగాళాదుంపలు, బార్లీ పండించుకుంటూ, జడలబర్రెలను మేపుకుంటూ బతికేవారు. ఎవరెస్టు ఎక్కాలని వచ్చిన తెల్లవాళ్లు వీళ్లను కూలికి పెట్టుకోవడం మొదలయ్యాక తెగ పేరే పని పేరైపోయింది. మన తెగల పేర్లు బయటివాళ్ల నోట్లో ఎలా మారతాయో తెలిసిన మనకు ఇదేమీ వింతగా అనిపించదు.

ఆ తెగలో 1965లో, సోలుఖుంబు జిల్లా తాక్సిందు ప్రాంతంలో, ఒక రైతు ఇంట్లో బాబు ఛిరి పుట్టారు. ఊళ్లో బడి లేదు. చిన్న వయసులోనే యాత్రికుల మూటలు మోసే పనిలో చేరారు. మోస్తూనే మంచును, గాలిని, తాడును నేర్చుకున్నారు. 1990లో మొదటిసారి ఎవరెస్టు కొన మీద అడుగుపెట్టారు. 1995లో అయితే ఒక్క సీజన్‌లోనే రెండుసార్లు ఎక్కారు. 2000 నాటికి ఆ లెక్క పదికి చేరింది.

ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది 1999 మే నెలలో. 8,848 మీటర్ల ఎత్తున గాలిలో మనకు అందే ప్రాణవాయువు నేల మీద అందేదానిలో మూడో వంతే ఉంటుంది. ఎక్కినవాళ్లు ఫొటో తీసుకుని, కాసేపు నిలబడి, వెంటనే దిగిపోతారు. అలాంటి చోట సిలిండరు లేకుండా, ఒక చిన్న డేరాలో, బాబు ఛిరి 21 గంటలు గడిపారు. నిద్రపోతే ప్రమాదమని రాత్రంతా మేలుకునే ఉన్నారు. పొద్దున్న తన కాళ్ల మీదే దిగి వచ్చారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మా పిల్లలు, ఒక్కడే ఉన్నాడా మేడం, అని అడుగుతారు. డేరాలో ఒక్కరే ఉన్నారు. కానీ అక్కడిదాకా తోటి షెర్పాలు వెంట వచ్చారు, డేరా వేయడానికి చెయ్యి కలిపారు. కింద ఉన్నవాళ్లతో రేడియోలో మాటలు సాగుతూనే ఉన్నాయి. పైన ఆయన మేలుకుంటే కింద ఆయన కోసం మేలుకున్నవాళ్లు ఉన్నారు. పత్రికల్లో ఆయన పేరే వచ్చింది గాని ఆ రాత్రి వెనక చాలామంది ఉన్నారు.

మరుసటి ఏడు, 2000 మేలో, బేస్ క్యాంప్ నుంచి కొన దాకా 16 గంటల 56 నిమిషాల్లో ఎక్కారు. మామూలు వాళ్లకు అది రోజుల ప్రయాణం. తర్వాతి ఏళ్లలో ఆ వేగాన్ని దాటినవాళ్లూ షెర్పాలే.

పేరు వచ్చాక ఆయన మనసు పెట్టిన పని బడి. తనకు దొరకని చదువు ఊరి పిల్లలకు దొరకాలని, వచ్చిన పేరును ఆ బడి కోసం డబ్బు కూడగట్టడానికి వాడారు. ఆయనకు ఆరుగురు కూతుళ్లు. ఆడపిల్లల హాస్టల్ నడిపే మాకు ఆయన రికార్డుల కంటే ఈ సంగతే ఎక్కువ గుర్తుంటుంది.

2001 ఏప్రిల్ 29. పదకొండోసారి ఎక్కడానికి వెళ్లి, సుమారు 6,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండో క్యాంపులో ఉన్నారు. ఆయనకు అది ఇంటి వాకిలి లాంటి చోటు. ఫొటోలు తీసుకుందామని డేరాల దగ్గర నుంచి ఒక్కరే నడిచి వెళ్లారు. తిరిగి రాలేదు. తోటివాళ్లు వెతుకుతూ వెళ్తే, మంచు పగులు లోతులో ఆ రాత్రి ఆయన శవం కనిపించింది. వయసు 35 ఏళ్లు.

ఆ పగులు ఎలాంటిదో తెలుసుకోవాలి. హిమానీనదం అంటే నిదానంగా జారే మంచు నది. జారేటప్పుడు అది నిలువునా చీలుతుంది. ఆ చీలికల మీద కొత్త మంచు కురిసి పలచని మూతలా పేరుకుంటుంది. పైనుంచి చూస్తే చదునైన నేలే. అడుగు వేస్తే మూత విరుగుతుంది. అందుకే అక్కడ నడిచేవాళ్లు ఎడంగా ఒకే తాడుకు కట్టుకుంటారు. ఒకరు జారితే మిగతావాళ్లు వెంటనే మంచులో కాళ్లు తన్నిపెట్టి ఆపుతారు. పది శిఖరారోహణల అనుభవం ఉన్నా, ఆ మూత కింద ఏముందో కంటికి కనపడదు. తాడుకు రెండో కొన పట్టే మనిషి ఉండాలి.

ఇంకా పైకి పోతే మరో ప్రమాదం. ప్రాణవాయువు తగ్గినప్పుడు ముందు దెబ్బతినేది తెలివి. అది దెబ్బతిన్న సంగతి ఆ మనిషికి తెలియదు. మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, తనకేమీ కాలేదనే అనుకుంటాడు. పక్కవాళ్లు చూసి, గద్దించి, కిందికి దించాలి. పక్కన ఎవరూ లేకపోతే ఆ సంగతి చెప్పేవాళ్లే ఉండరు.

2014 మే 25న మన తెలుగు గిరిజన బిడ్డ, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ కూడా. ఇద్దరూ గురుకులం పిల్లలే. భువనగిరి బండ మీద శిక్షణతో మొదలుపెట్టి, షెర్పాలను వెంటబెట్టుకుని ఎక్కారు. వాళ్ల ఫొటో మా భోజనశాల గోడ మీద ఉంది. అది చూసి కొండెక్కాలన్న ఉత్సాహం మా పిల్లలకు వచ్చింది. మాకు సంతోషమే. భయమూ ఉంది.

ఆ భయానికి కారణం ఉంది. ఒక చలికాలం ఆదివారం, మా ఇంటర్ అమ్మాయి ఒకతి మబ్బుల వీడియో తీయాలని తెల్లవారకముందే హాస్టల్ వెనక కొండ ఎక్కింది. ఎవరికీ చెప్పలేదు. మంచు తడికి బండ మీద కాలు జారి మడమ బెణికింది. సిగ్నల్ లేదు. పశువులు తోలుకెళ్తున్న తాత కేక విని మోసుకొచ్చేసరికి పది దాటింది. అప్పటిదాకా ఆ పిల్ల లేదని మేము గమనించనే లేదు. ఆదివారమని పొద్దుటి హాజరు తీసుకోలేదు. ఆ తప్పు పూర్తిగా మాదే. మా కొండ ఎవరెస్టులో పిసరంత కూడా ఉండదు, అయినా ఆ మూడు గంటలు ఆ పిల్ల ఒక్కతే.

ఇప్పుడు గేటు దగ్గర ఒక నోటుబుక్కు వేలాడుతోంది. కొండకు ఎవరెవరు, ఏ దారిన, ఎన్నింటికి తిరిగొస్తారు అని రాసి వెళ్లాలి. ఒక్క పేరే ఉంటే గేటు తీయం. మొన్న ఆదివారం అందులో ఏడు పేర్లున్నాయి. మొదటి పేరు ఆ అమ్మాయిదే.