ఎల్లాప్రగడ సుబ్బారావు: కణాల కబురు మోసే ఫాస్ఫేటు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండు పర్యాయాలు తప్పి, మూడోసారి మద్రాసులో ఉత్తీర్ణులయ్యారు. వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించడం శస్త్రచికిత్స ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల వ్యాధి బలిగొన్నది. దానికి మందు కనుగొనాలన్న తపన ఆయనను వీడలేదు.

1922లో భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి బోస్టన్ చేరారు. మళ్లీ తిరిగి రానేలేదు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, ద్రావణం తిరిగే నీలిరంగు గాఢతను బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. చూడ్డానికి చిన్న కొలమానమే. కాని 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వారికి పట్టి ఇచ్చింది అదే. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నారు.

ఏటీపీ అనగానే కండరాల శక్తే గుర్తుకు వస్తుంది. రోగనిరోధక కణాల సంభాషణకూ అదే ఆధారం. టి-కణం తన గ్రాహకంతో యాంటిజెన్‌ను గుర్తిస్తుంది గాని, ఆ సంగతి లోపలికి చేరవేసే ఎంజైము గ్రాహకానికి సొంతంగా లేదు. పక్కనున్న ఎల్‌సీకే అనే ఎంజైము ఏటీపీ నుంచి ఫాస్ఫేటును తీసి గ్రాహకపు లోపలి తోకకు తగిలిస్తుంది. ఆ గుర్తును పట్టుకొని జాప్-70 వచ్చి చేరి, మరికొన్ని ప్రోటీన్లకు ఫాస్ఫేట్లు అందిస్తుంది. కణంలో కాల్షియం పెరుగుతుంది, కేంద్రకంలో జన్యువులు మేల్కొంటాయి, కణం విభజన చెందుతుంది. ఈ గొలుసు సుబ్బారావు కాలానికి ఎవరికీ తెలియదు.

హార్వర్డులో శాశ్వత పదవి దక్కక 1940లో లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను మింగిన స్ప్రూకు అది మందయింది. సికిల్ సెల్ వ్యాధి అధికంగా ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయిలోనూ, రోగులకు వైద్యులు నేడు ఇచ్చే మాత్రల్లో అదొకటి.

అదే ఆమ్లాన్ని పోలి, దానికి అడ్డుపడే ఎమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా అణచగలిగారు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేడు కీళ్లవాతంలో దారితప్పిన రోగనిరోధక కణాలకు కళ్లెం వేస్తున్నది. ఫార్బర్ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలో నిద్రలోనే కన్నుమూశారు.