నాదశిల్పి లియో ఫెండర్

ఎలక్ట్రిక్ గిటార్ చరిత్రలో చిరస్మరణీయుడైన లియో ఫెండర్ 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, నారింజ తోటలు సాగుచేసే కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే ఒక కన్ను కోల్పోయారు. ఫుల్లర్టన్ జూనియర్ కళాశాలలో గణకశాస్త్రం చదివి, పద్దులు రాసే ఉద్యోగంలో చేరారు. ఆర్థికమాంద్యం ఆ జీవనాధారాన్ని హరించింది. ఆయన అధైర్యపడక, 1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి, ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం తెరిచారు. మరమ్మతులకై వచ్చే సంగీతకారుల సాంగత్యం ఆయనను వాద్యనిర్మాణం వైపు మళ్ళించింది. 1946లో సొంత సంస్థను స్థాపించారు.

అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగను చుట్టి, గిటార్ తీగల కింద అమర్చే సాధనమే పికప్. ఉక్కుతీగ కంపించినప్పుడు ఆ చుట్టలో విద్యుత్తు జనిస్తుంది. ఆంప్లిఫయర్ దానిని నాదంగా వినిపిస్తుంది. తీగలు ఆనే బ్రిడ్జి చెంతనున్న పికప్ పదునుగా, మెడ చెంతనున్నది గంభీరంగా పలుకుతాయి. 1950లో ఫెండర్ రూపొందించిన బ్రాడ్‌కాస్టర్‌లో ఈ రెండూ ఉండేవి. మరుసటి ఏడాది దాని పేరు టెలికాస్టర్‌గా మారింది. అందులో ఒక నాబ్ ధ్వని తీవ్రతను నియంత్రించేది. మీటను ఒక స్థానంలో ఉంచినప్పుడు, రెండవ నాబ్ మెడవైపు ధ్వనిని బ్రిడ్జివైపు ధ్వనిలో కోరినంత పాలు కలిపేది. 1952లో ఈ మిశ్రమ పద్ధతిని విడిచి, రెండవ నాబ్‌ను టోన్ నియంత్రణగా మార్చారు. దానిని తగ్గించినకొద్దీ ధ్వనిలోని పదును అణగి, నాదం మృదువవుతుంది.

విచిత్రమేమంటే, ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. శ్రుతి చేయడమూ రాదు. అందువల్ల నమూనాలను వాద్యకారుల చేతికిచ్చి, లోపాలు చెప్పించుకొని సరిదిద్దేవారు. గిటార్ అంచులు ఒంటికి ఒత్తుకుంటున్నాయని వారు చెప్పగా, 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టర్‌కు ఒంపులు తీర్చారు. దానికి మూడు పికప్‌లు, మూడు స్థానాల మీట ఉండేవి. ఒక్కొక్క స్థానంలో ఒక్కొక్క పికప్ మాత్రమే పలకాలి. కాని వాద్యకారులు మీటను రెండు స్థానాల నడుమ నిలిపి, రెండు ధ్వనులను మేళవించి కొత్త నాదాన్ని సాధించారు.

అనారోగ్యం వల్ల 1965లో ఆయన తన సంస్థను 1.3 కోట్ల డాలర్లకు విక్రయించారు. 1977లో ఆ సంస్థ ఐదు స్థానాల మీటను ప్రవేశపెట్టి, వాద్యకారుల ఉపాయానికి గిటార్‌లోనే చోటు కల్పించింది. ఫెండర్ మాత్రం విశ్రాంతి కోరలేదు. పార్కిన్సన్ వ్యాధి పీడిస్తున్నా తుదిదినాల వరకు పనిచేస్తూ, 1991 మార్చి 21న కన్నుమూశారు.

తాను వాయించలేని వాద్యానికి ఆయన ఇన్ని గొంతులు ప్రసాదించగలిగారు. రానిదానిని వచ్చినవారిని అడిగి తెలుసుకోవడం చిన్నతనం కాదని ఆయన జీవితం చాటుతోంది.